వెనక చక్రాలకి డిస్కు బ్రేకులు

మెకానికల్ ఇంజనీరింగు చదివి సాఫ్టువేరులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు అమెరికాలో ఏ ఊరికి వెళ్ళినా కనిపిస్తారు. నేనూ ఆ కోవలోవాడినే. కాలేజీలో థియరీ ఆఫ్ మెషీన్స్ పరీక్ష కోసం బ్రేకుల మీద లెక్కలు చాలానే చేశాను. అసలు బ్రేకు డ్రమ్ము విప్పి లోపల ఏముందో చూసింది మాత్రం నలభై దాటాక, మిషిగన్‌లో మా ఇంటి గరాజులో.

బండి 1972 మోడలు షెవ్రొలే సీ-10 పికప్పు ట్రక్కు. నాకంటే వయసులో పెద్దది. ఒక రిటైరైన పెద్దమనిషి దగ్గర కొన్నాను. కొన్న రోజునే మా అమ్మాయి, డ్రైవింగు నేర్చుకుంటే దీని మీదే నేర్చుకుంటానని కూర్చుంది. దానికి మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: "ఆ బ్రేకుల సంగతి తేలేదాకా పిల్ల ఆ బండి తాళాలు ముట్టుకోడానికి వీల్లేదు." ఆ సంగతి తేల్చడానికి నాకు ఒక చలికాలం పట్టింది. వెనక చక్రాలకున్న డ్రమ్ము బ్రేకులు తీసి డిస్కు బ్రేకులు పెట్టాను. ఎందుకు పెట్టాలి, ఎందుకు అక్కర్లేదు, పెడితే ఏమేం చూసుకోవాలి అన్నవి ఈ వ్యాసంలో చెబుతాను. పాత బండ్ల పిచ్చి లేనివాళ్ళకి కూడా తమ కారు ఎలా ఆగుతోందో తెలుస్తుంది.

బ్రేకు చేసే పని ఒక్కటే, కదలికని వేడిగా మార్చడం. రెండు వేల కిలోల ట్రక్కు గంటకి 60 మైళ్ళ వేగంతో పోతోందనుకోండి. దాని గతిజశక్తి సుమారు ఏడు లక్షల ఇరవై వేల జౌళ్ళు. రెండు లీటర్ల పైచిలుకు చల్లటి నీళ్ళని మరిగే దాకా తేవడానికి ఆ శక్తి సరిపోతుంది. బ్రేకు గట్టిగా తొక్కితే ఆ వేడంతా నాలుగైదు సెకన్లలో నాలుగు చక్రాల దగ్గరున్న ఇనుములోకి పోవాలి. వేగం సగమైతే, అంటే 30 మైళ్ళయితే, వేడి నాలుగో వంతే. అందుకే ఊళ్ళో తిరిగేటప్పుడు ఏ బ్రేకైనా మంచి బ్రేకులాగే కనిపిస్తుంది.

డ్రమ్ము బ్రేకు మన స్కూటర్లలోనూ పాత అంబాసిడర్ కార్లలోనూ ఉన్నదే. చక్రంతో పాటు తిరిగే బోర్లించిన గిన్నెలాంటి ఇనప డ్రమ్ము ఒకటి. దాని లోపల తిరగకుండా నిలబడి ఉండే అర్ధచంద్రాకారపు షూలు రెండు. పెడల్ తొక్కితే పైనున్న చిన్న సిలిండరు ఆ రెండు షూలనీ బయటికి నెడుతుంది, అవి డ్రమ్ము లోపలి గోడకి రాసుకుంటాయి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అసలు గమ్మత్తు అడుగున ఉంది. మా ట్రక్కులో ఆ రెండు షూల కింది కొసలు దేనికీ బిగించి ఉండవు. ఒకదానికొకటి ఒక చిన్న పళ్ళచక్రపు మర ద్వారా ఆనుకుని ఉంటాయి. ముందువైపు షూ డ్రమ్ముకి తగలగానే తిరిగే డ్రమ్ము దాన్ని తనతో పాటు ఈడ్చుకుపోవాలని చూస్తుంది. ఆ ఈడుపుకి అది వెనక షూని నెడుతుంది. వెనక షూ పైనున్న మేకుకి ఆనుకుని ఇంకా గట్టిగా డ్రమ్ముని పట్టేస్తుంది. తలుపు కింద దూర్చిన చెక్కముక్కని గుర్తు తెచ్చుకోండి. తలుపుని ఎంత గట్టిగా తోస్తే అది అంత గట్టిగా బిగుసుకుంటుంది. డ్రమ్ములోనూ అంతే. మన కాలి బలానికి చక్రం తన బలాన్ని కూడా కలుపుతుంది.

ఇది చాలా తెలివైన ఏర్పాటు. పవరు బ్రేకులు లేని రోజుల్లో అంత బరువైన బండిని మామూలు మనిషి కాలితో ఆపగలిగాడంటే దీని చలవే. కానీ ఇందులో చిక్కొకటి ఉంది. సాఫ్టువేరువాళ్ళకి, ఎలక్ట్రానిక్సువాళ్ళకి పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే వెంటనే అర్థమవుతుంది. ఘర్షణ పుట్టించిన బలం మళ్ళీ ఘర్షణనే పెంచుతుంది కాబట్టి, లైనింగు పట్టులో చిన్న తేడా వచ్చినా బ్రేకు బలంలో పెద్ద తేడా వస్తుంది. డిస్కులో పట్టు అయిదో వంతు తగ్గితే ఆపే బలం కూడా అయిదో వంతే తగ్గుతుంది. ఈ రకం డ్రమ్ములో అంతకంటే చాలా ఎక్కువ పడిపోతుంది. కుడి డ్రమ్ములోకి కాస్త నీరు చేరి ఎడమది పొడిగా ఉంటే బండి ఒక పక్కకి లాగుతుంది. వాన తర్వాత మొదటి సిగ్నలు దగ్గర మా ట్రక్కు చేసినది అదే.

వేడి సంగతి ఇంకోటి. 11 అంగుళాల ఇనప డ్రమ్ము 200 సెంటీగ్రేడు డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం అర మిల్లీమీటరు పైచిలుకు పెరుగుతుంది. అంటే గోడ షూల నుంచి దూరంగా జరుగుతుంది, పెడల్ ఇంకా కిందికి దిగుతుంది. డిస్కు వేడెక్కితే ప్యాడ్ల వైపుకే ఉబ్బుతుంది. పైగా అది గాలిలో తిరుగుతుంది, డ్రమ్ము మూతపెట్టిన గిన్నె.

మా మామగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. ఆ చలికాలం మా ఇంట్లోనే ఉన్నారు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి దిగే డ్రైవరుకి డిపోలో ఎలాంటి చీవాట్లు పడేవో ఆయన చెప్పేవారు. ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలి. తిరుమల నుంచి కిందికి వచ్చే దారి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. పైకి వెళ్ళడానికి 1974లో రెండోది వచ్చింది. ఆ దిగే దారిలో కాలిన లైనింగు వాసన ఎరగని తెలుగువాడు ఉండడు. డ్రమ్ములు వేడెక్కి పట్టు తప్పడమంటే అదే.

డిస్కు బ్రేకు కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ప్యాడ్లకి రాగి వాడాడు, అది చేసే కీచుశబ్దం భరించరానిది. అదే 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకుకి రూపమిచ్చాడు. కీచుమనని డ్రమ్మే గెలిచింది. అర్ధశతాబ్దం తర్వాత 1953లో లె మాన్స్ పందెంలో డన్‌లప్ డిస్కులు పెట్టుకున్న జాగ్వార్ సీ-టైపు కారు గెలిచాక మిగతా కంపెనీలు మళ్ళీ ఇటు చూశాయి. అమెరికాలో 1965 కొర్వెట్‌కి నాలుగు చక్రాలకీ డిస్కులు వచ్చాయి. పికప్పు ట్రక్కుల వంతు ఆలస్యంగా వచ్చింది. షెవ్రొలే సీ-10కి 1971 నుంచి ముందు చక్రాలకి మాత్రం డిస్కులు పెట్టారు. వెనక డ్రమ్ములే ఉంచారు. చిన్నప్పుడు మనం తొక్కిన సైకిలు చక్రపు రిమ్ముని రెండు రబ్బరు ముక్కలు రెండు పక్కల నుంచి నొక్కేవి, గుర్తుందా? డిస్కు బ్రేకు సూత్రం అదే. అక్కడ రిమ్మే డిస్కు.

మరి కంపెనీ వెనక డ్రమ్ములు ఎందుకు ఉంచింది? డబ్బు ఒక కారణం. హ్యాండ్ బ్రేకు సులువుగా అమరడం రెండోది. మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది: వెనక బ్రేకు చేసే పని తక్కువ. ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. ఖాళీ ట్రక్కు నిలబడి ఉన్నప్పుడు బరువులో 57 శాతం ముందు చక్రాల మీద, 43 శాతం వెనక ఉందనుకుందాం. గరిమనాభి నేలకి 0.7 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. మా పొట్టి పెట్టె ట్రక్కుకి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 115 అంగుళాలు, అంటే 2.92 మీటర్లు. గురుత్వంలో 0.7 వంతు బలంతో బ్రేకు వేస్తే బరువులో ఎంత ముందుకి జరుగుతుంది? 0.7ని 0.7తో హెచ్చించి 2.92తో భాగిస్తే దాదాపు 17 శాతం. అంటే ఆ క్షణంలో ముందు చక్రాల మీద 74, వెనక 26. ఉన్న పట్టులో నాలుగో వంతు మాత్రమే వెనక చక్రాలది.

అందువల్ల వెనక డిస్కులు పెడితే బండి సగం దూరంలో ఆగిపోతుందని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. 60 మైళ్ళ వేగం నుంచి 0.7 వంతు బలంతో ఆగడానికి 52 మీటర్లు, అంటే 170 అడుగులు పడుతుంది. వెనక చక్రం బిగుసుకునేంత బలం పాత డ్రమ్ము కూడా ఇవ్వగలిగితే డిస్కు వచ్చినా ఆ దూరం తగ్గదు. అది టైరూ రోడ్డూ తేల్చుకునే విషయం. ఎదురుగా ఏదో వచ్చిందని గమనించి కాలు పెడల్ మీదికి తేవడానికి ఒకటిన్నర సెకను పడితే, ఆ లోపలే బండి ఇంకో 130 అడుగులు పోతుంది. దానికి ఏ బ్రేకూ సాయం చెయ్యదు.

నేను ఈ లెక్క కాగితం మీద చూపిస్తే మామగారు నవ్వి, "బాబూ, మేం డిపోలో ముందు టైర్లు చూసి, తర్వాత బ్రేకులు చూసేవాళ్ళం" అన్నారు. కాబట్టి నా మొదటి ఖర్చు డిస్కుల మీద కాదు, నాలుగు కొత్త టైర్ల మీద.

అయినా డిస్కులు పెట్టాను. మా అమ్మాయి లాంటి కొత్త డ్రైవరు చేతిలో బండి ఎలా ఉండాలి? ప్రతిసారీ ఒకేలా ఉండాలి. వాన పడ్డా, వరసగా పది సిగ్నళ్ళు వచ్చినా, పెడల్ మీద అంతే కాలు వేస్తే అంతే ఆగాలి. డిస్కు ఇచ్చేది ఆ నిలకడ. రెండోది, ప్యాడు ఎంత మిగిలిందో చక్రం తీస్తే కంటికి కనిపిస్తుంది. డ్రమ్ము విప్పి, అరడజను స్ప్రింగులతో కుస్తీ పట్టనక్కర్లేదు. ఈ రెండు లాభాలూ అక్కర్లేనివాళ్ళు డ్రమ్ములు శుభ్రం చేసి, కొత్త షూలు వేసుకుని హాయిగా ఉండవచ్చు. టయోటా టకోమా 2023 మోడలు దాకా వెనక డ్రమ్ములతోనే నడిచింది. ఫోక్స్‌వాగన్ ఐడీ.4 విద్యుత్తు కారుకి కూడా వెనక డ్రమ్ములే పెట్టారు. ఆ కారు చాలావరకు మోటారుతోనే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి వెనక బ్రేకుకి పని తక్కువ, డిస్కయితే వాడక తుప్పు పడుతుంది.

ఇక పని సంగతి. మొట్టమొదట దుమ్ము గురించి. పాత షూల లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అమెరికా పర్యావరణ సంస్థ 1989లో దాన్ని నిషేధిస్తే 1991లో కోర్టు ఆ నిషేధాన్ని చాలావరకు కొట్టేసింది. మళ్ళీ 2024 మార్చిలో బ్రేకుల లైనింగులతో సహా క్రిసొటైల్ రకాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. డ్రమ్ములోని దుమ్ముని గాలి పంపుతో ఊదకూడదు, చీపురుతో ఊడవకూడదు. ద్రవంతో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ సంచిలో మూటకట్టి పారెయ్యాలి. పిల్లల్ని ఆ రోజు గరాజులోకి రానివ్వవద్దు.

మా ట్రక్కులో వెనక యాక్సిల్‌ని పన్నెండు బోల్టుల రకం అంటారు, డిఫరెన్షియల్ మూతకి పన్నెండు బోల్టులు ఉంటాయి కాబట్టి. డ్రమ్ము వెనకనున్న రేకు పళ్ళెం తియ్యాలంటే యాక్సిల్ షాఫ్టు బయటికి రావాలి. అది బయట నుంచి రాదు. మూత తీసి, గేరు ఆయిలు వంపేసి, లోపలున్న అడ్డ పిన్ను లాగి, షాఫ్టుని కాస్త లోపలికి నెడితే దాని కొసన ఇంగ్లీషు సీ అక్షరం ఆకారంలో ఉన్న క్లిప్పు ఊడి వస్తుంది. అప్పుడు షాఫ్టు బయటికి జారుతుంది. బండిని గట్టి స్టాండుల మీద నిలబెట్టి, ముందు చక్రాలకి అడ్డు పెట్టి ఈ పని చెయ్యాలి. జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు. షాఫ్టు బయటికి వచ్చినప్పుడే ఆయిలు సీళ్ళు కూడా మార్చేయడం మంచిది. అయిదు డాలర్ల సీలు దాచుకుంటే రేపు కొత్త డిస్కు మీద గేరు ఆయిలు కారుతుంది.

పాత పళ్ళెం పోయిన చోట కాలిపర్‌ని పట్టుకునే బ్రాకెట్టు అవే నాలుగు బోల్టుల మీద కూర్చుంటుంది. షాఫ్టు మళ్ళీ ఎక్కించి, దాని మీద డిస్కు, డిస్కు మీద కాలిపర్. కిట్టు కొనేముందు చక్రానికున్న బోల్టులు లెక్కపెట్టుకోండి. 1971 నుంచి సీ-10కి చక్రానికి అయిదు బోల్టులు, అంతకు ముందు ఆరు. కాలిపర్‌లో గాలి వదిలే చిన్న మర పై వైపే ఉండాలి. కుడిది ఎడమకీ ఎడమది కుడికీ బిగిస్తే ఆ మర కిందికి వస్తుంది. గాలి పైనే ఉండిపోతుంది, ఎంత ద్రవం పంపినా పెడల్ స్పాంజిలా ఉంటుంది.

ఇనుము బిగించడం ఈ పనిలో తేలిక భాగం. చాలామంది అక్కడితో ఆపేస్తారు. అసలు పని ద్రవంలో ఉంది. డ్రమ్ము బ్రేకుల గొట్టంలో ఎప్పుడూ చదరపు అంగుళానికి పది పౌండ్ల చొప్పున పీడనం నిలిపి ఉంచే చిన్న కవాటాన్ని మాస్టర్ సిలిండరు లోపల పెట్టేవారు, వీల్ సిలిండరు రబ్బర్లు బిగుతుగా ఉండి గాలి పీల్చకుండా. షూలని వెనక్కి లాగడానికి బలమైన స్ప్రింగులున్నాయి కాబట్టి ఆ పీడనం వాటిని ఏమీ చెయ్యదు. డిస్కుకి స్ప్రింగుల్లేవు. ఆ పది పౌండ్లూ అలాగే ఉంటే ప్యాడ్లు ఎప్పుడూ డిస్కుని రాసుకుంటూనే ఉంటాయి, వేడెక్కుతాయి, అరుగుతాయి. కనుక ఆ కవాటం లేని మాస్టర్ సిలిండరు, నాలుగు డిస్కులకి ఉద్దేశించినది పెట్టాలి. దానికి ద్రవం గిన్నెలు రెండూ పెద్దవి ఉంటాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ పిస్టన్లు బయటికి వచ్చి, వాటి వెనక చోటంతా ద్రవమే నింపాలి కదా. డిస్కు తన బలాన్ని తాను పెంచుకోదు కాబట్టి పవరు బూస్టరు కూడా మంచి స్థితిలో ఉండాలి.

ఇంకో కవాటం చట్రానికి బిగించి ఉంటుంది. అందులో ఒక భాగం వెనక షూలు స్ప్రింగులని దాటి డ్రమ్ముని తాకేదాకా ముందు డిస్కులని ఒక క్షణం ఆపి ఉంచుతుంది. ఇప్పుడు వెనక డ్రమ్ములు లేవు, ఆ ఆలస్యంతో పని లేదు. దాని బదులు నాలుగు డిస్కుల కవాటం, వెనక గొట్టంలో చేత్తో తిప్పి పీడనం తగ్గించగల కవాటం పెట్టాను. ఈ రెండోది లేకుండా వెనక డిస్కులు పెట్టిన పికప్పు, మొదటి డ్రమ్ములున్న పికప్పు కంటే ప్రమాదం. కారణం పైన చేసిన లెక్కలోనే ఉంది. వెనక నాలుగో వంతు పట్టే ఉంది. అంతకు మించి బ్రేకు పడితే వెనక చక్రాలు తిరగడం ఆగి జారతాయి. జారే చక్రానికి పక్కకి నిలదొక్కుకునే శక్తి ఉండదు. బండి వెనక భాగం ముందుకి రావాలని చూస్తుంది, గిర్రున తిరుగుతుంది. ఇది పికప్పులకి పుట్టుకతో వచ్చిన జబ్బు. 1987లో ఫోర్డు తన ఎఫ్-150 పికప్పులకి వెనక చక్రాలకి మాత్రమే ఏబీఎస్ పెట్టడం అందుకే. 1972 బండికి ఆ భాగ్యం లేదు, మనమే సరిచేసుకోవాలి.

సరిచెయ్యడం ఇలాగ. ముందుగా కొత్త ప్యాడ్లని పదునుకి తేవాలి. ముప్ఫై నలభై మైళ్ళ వేగం నుంచి పూర్తిగా ఆపకుండా ఎనిమిది పది సార్లు మెత్తగా వేగం తగ్గించి, తర్వాత బ్రేకు తొక్కకుండా కాసేపు నడిపి చల్లార్చాలి. ఆ తర్వాత ఎవరూ లేని విశాలమైన ఖాళీ స్థలం. వెనక పీడనం బాగా తగ్గించిన స్థితితో మొదలుపెట్టి, తక్కువ వేగంలో గట్టిగా తొక్కి, ఏ చక్రం ముందు ఆగిపోతోందో బయట నుంచి ఒక మనిషి చూడాలి. మాకు ఆ మనిషి మామగారు. చేతులు కట్టుకుని నిలబడి "ముందు, ముందు, ముందు" అని అరుస్తూ ఒకసారి "వెనక!" అన్నారు. అక్కడి నుంచి ఒక చుట్టు వెనక్కి తిప్పి, తడి నేల మీద కూడా అదే పరీక్ష చేసి వదిలేశాను. ఎప్పుడూ ముందు చక్రాలే మొదట ఆగాలి. ఈ పరీక్ష ఖాళీ ట్రక్కుతోనే చెయ్యాలి, నిండు లోడుతో కాదు.

హ్యాండ్ బ్రేకు గురించి నాకు కొంచెం కోపం ఉంది. అది లేకుండా అమ్మే చవక కిట్లు ఉన్నాయి. పాత బండిలో హైడ్రాలిక్సు పోతే మిగిలేది ఆ తీగ ఒక్కటే. గేరుని పార్కులో పెట్టి వదిలేస్తాం అనేవాళ్ళు వాలు వీధిలో పిల్లలు ఆడుకుంటుంటే ఏమంటారో. రెండు మార్గాలున్నాయి. కాలిపర్‌లోనే మర ఉండి, తీగ లాగితే పిస్టన్ని నెట్టేది ఒకటి. డిస్కు మధ్యనున్న టోపీలాంటి భాగంలో చిన్న డ్రమ్ము, చిన్న షూలు పెట్టేది రెండోది. మొదటిది తరచుగా వాడుతూ ఉంటేనే సర్దుకుంటుంది, వాడకపోతే వదులైపోతుంది. నేను రెండోది తీసుకున్నాను. డ్రమ్ములు వద్దని మొదలుపెట్టిన పని చివర రెండు బుల్లి డ్రమ్ములతో తేలింది. కదలని బండిని పట్టి ఉంచడానికి, తన బలం తాను పెంచుకునే ఆ చెక్కముక్క సూత్రాన్ని మించినది ఇప్పటికీ లేదు.

చివరగా ద్రవం. డాట్ 3, డాట్ 4 ద్రవాలు గాలిలోని తేమని పీల్చుకుంటాయి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చాక ఆ హద్దు 140. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ నేలకి తగులుతుంది. డాట్ 5 సిలికోన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు. గాలి తీసేటప్పుడు అన్నిటికంటే దూరంగా ఉన్న కుడి వెనక చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. మా ఇంట్లో పెడల్ తొక్కే పని మా అమ్మాయిది. "తొక్కి పట్టుకో అమ్మడూ, వదలకు" అని వాళ్ళ తాతగారు, మర తిప్పుతూ నేను. పాత ద్రవం కాఫీ డికాషను రంగులో వచ్చింది. తేనె రంగు వచ్చేదాకా పోశాం. రెండేళ్ళకోసారి ఇలా మార్చాలని సీసా మీద తారీకు రాసి గరాజు గోడకి తగిలించాను.